కొంగ పగలగొట్టలేని పెంకు

పంటకాలువ గట్టున పక్కపక్క బొరియల్లో రెండు ఎండ్రకాయలు ఉండేవి, అక్కా చెల్లెలూ. ఎండ్రకాయకు ఒళ్ళు పెరుగుతుంది గానీ పెంకు పెరగదు. ఆ ఏడు ఇద్దరికీ పెంకులు బిగుసుకున్నాయి.

"అక్కా, విడిచేద్దాం. కొన్నాళ్ళు మెత్తగా ఉంటాం, అంతేగా! బొరియలో దాక్కుందాం," అంది చెల్లెలు, లోపల దడగానే ఉన్నా.

"మతిపోయిందా నీకు? కొంగ పొడిచి పొడిచి విసిగిపోయిన పెంకే ఇది! దీన్ని వదిలేసి మాంసం ముద్దలా కూర్చోనా?" అని కసిరింది అక్క. అప్పటికే ఊపిరి సరిగా ఆడటం లేదు తనకి.

చెల్లెలు ఒక్కతే విడిచింది. ఒక కాలు పాత పెంకులోనే ఇరుక్కుని తెగిపోయింది. అరిస్తే కొంగ వింటుందని నోట్లో బురద కుక్కుకుంది. ఒళ్ళు గట్టిపడేదాకా ఆ పాత పెంకునే కొరుక్కు తిని బతికింది.

బయటపడగానే అక్క దగ్గరికి వెళ్ళింది. అక్క ముందుకాళ్ళు పైకెత్తి, కొంగ మీదికి దూకబోతున్నట్టే ఉంది. పెంకు మీద గీత కూడా పడలేదు.

"అక్కా, నేనే."

కంటి సందులోంచి చీమలు బారుగా బయటికొచ్చాయి.

చెల్లెలు తన బొరియకు వెళ్ళి, మిగిలిన కాళ్ళతో తవ్వడం మొదలుపెట్టింది. ఈ కొత్త పెంకూ ఏదో ఒకనాడు బిగుస్తుంది. అప్పటికి బొరియ ఇంకాస్త లోతుగా ఉండాలి.