ఆరెప్పుడవుతుంది?

"ఆరున్నరకి నేను డ్యూటీకి వెళ్ళాలి. ఆలోగా ఒక్క ఆట గెలువు బాబాయ్. లేకపోతే ఆదివారం నువ్వు రానక్కర్లేదు" అన్నాడు ఇబుకి.

తొకునాగా అరచేతుల చెమట ప్యాంటుకి తుడుచుకుని వీడియో గేమ్ మిషన్లో మళ్ళీ నాణెం వేశాడు.

కమాటా రైల్వే స్టేషన్ వెనక సందులో, మెట్లు దిగి వెళ్ళే ఆ గేమ్ సెంటర్‌కి ముగ్గురున్న జట్టు ఒకటుంది. ఫైటింగ్ ఆటల్లో ఆ జట్టంటే చుట్టుపక్కల అందరికీ హడల్. నాయకుడు ఇబుకికి ఇరవై. ఇంకొకడు వాడికంటే చిన్న. తొకునాగాకి నలభై ఆరు. ఈమధ్య ఆయన ఎక్కడాడినా ఓటమే. ఆదివారం పెద్ద పోటీ ఉంది. ఆయన చోటు కోసం ఓ కుర్రాడు అప్పుడే కాచుకుని కూర్చున్నాడు.

అక్కడ మిషన్లు వీపుకి వీపు ఆనించి పెట్టి ఉంటాయి. ఇటు కూర్చున్నవాడికి అటు కూర్చున్నవాడు కనబడడు. లేచి వెళ్ళి అవతల ఎవరా అని తొంగి చూడటం పరువు తక్కువ. కుర్రతనం నుంచీ వస్తున్న తొకునాగా ఒక్కనాడూ ఆ పని చెయ్యలేదు.

ఇవాళ అవతల ఎవరో గానీ, విసనకర్రలు పట్టుకున్న ఓ సన్నటి పిల్ల బొమ్మని ఎంచుకున్నారు. తొకునాగా ఆడించే మల్లయోధుడు చెయ్యెత్తేలోపే ఆ పిల్ల వచ్చి నాలుగు వాయించి పోతోంది.

మళ్ళీ ఓడాడు.

"ఆ వేగం చూశావా? బడిపిల్లాడే. పద్నాలుగు దాటి ఉండవు" అన్నాడు ఇబుకి, వెనక నిలబడి.

"నా కళ్ళకేం, బాగానే కనిపిస్తున్నాయి."

"కళ్ళకి కనిపిస్తుంది బాబాయ్. చేతులకే ఆ కబురు ఆలస్యంగా అందుతుంది."

తొకునాగా ఎవరికీ చెప్పుకోని భయం సరిగ్గా అదే. విసనకర్ర రావడం కనిపిస్తోంది. స్పష్టంగా కనిపిస్తోంది. దెబ్బ తగిలాకే వేలు కదులుతోంది. ఈ కుర్చీ కూడా పోతే సాయంత్రాలు ఎక్కడికి వెళ్ళాలో ఆయనకి తెలీదు.

గోడ గడియారం చూశాడు. ఆరు కావస్తోంది. పదహారేళ్ళలోపు వాళ్ళు ఆరు దాటాక లోపల ఉండకూడదు. కౌంటర్లో ఉండే హొజుమి ఆ విషయంలో రాక్షసి. అవతలి బడిపిల్లాణ్ణి ఆవిడే బయటికి తోలేస్తుంది. తర్వాత ఆ కుర్చీలోకి ఎవరొచ్చినా ఒక్క ఆట గెలవలేకపోతాడా? ఆరు కావాలి, అంతే. ఆయన దేవుడికి దణ్ణం పెట్టుకోవడం మానేసి చాలాకాలమైంది. ఇప్పుడు గడియారానికి పెట్టుకున్నాడు.

స్పీకరు గరగరలాడింది.

"ఆరయింది. పదహారేళ్ళలోపు వాళ్ళందరూ దయచేసి ఇళ్ళకి బయల్దేరండి."

పిల్లలు సణుక్కుంటూ బ్యాగులు తగిలించుకుని మెట్లెక్కారు. తొకునాగా చేతిలో నాణెం పట్టుకుని చెవులు రిక్కించాడు. అవతల కుర్చీ కిర్రుమనలేదు. హొజుమి అన్ని వరసలూ చుట్టి, అటువైపు నుంచి కూడా వచ్చింది. ఒక్కతే వచ్చింది.

తెర మీద ఆ సన్నటి పిల్ల విసనకర్రలు ఊపుతూ అలాగే నిలబడి ఉంది, రా రా అన్నట్టు.

"పొడుగరి అయ్యుంటాడు, హొజుమి పోల్చుకోలేదు" అని గొణిగాడు ఇబుకి. "గుర్తింపు కార్డు చూడమని చెప్పు బాబాయ్. లేపేస్తుంది. నేను మాత్రం చెప్పను, నాకు సిగ్గు."

"నాకు లేదా?"

"నీకు టైము లేదు."

తొకునాగా మెడ మీద చెమట కారింది. "హొజుమిగారూ!" అని పిలిచాడు. ఆమె వెనక్కి తిరిగింది.

"ఏం కావాలండీ?"

చిన్నపిల్లాడి మీద చాడీ చెప్పి దక్కించుకున్న చోటులో ఆదివారం ఏ మొహంతో కూర్చోవాలి?

"ఏం లేదండీ... కాస్త చలిగా ఉంది."

"హీటరు వేసే ఉందండీ" అని ఆమె ఆయన చెమట మొహాన్ని వింతగా చూసి వెళ్ళిపోయింది.

నాణెం వేశాడు.

మొదటి రౌండు పోయింది. రెండోది ఎలాగో చచ్చీ చెడీ నెగ్గాడు. మూడోదానిలో మల్లయోధుడి ప్రాణం దారప్పోగంత మిగిలింది, విసనకర్రల పిల్లదీ అంతే. ఇంకొక్క దెబ్బ తగిలితే చాలు, అయిపోతుంది. విసనకర్ర లేచింది. చూసి కొడితే ఆలస్యమవుతుందని తెలుసు. అందుకని తొకునాగా చూడకుండానే కొట్టాడు. రెండు దెబ్బలు వేశాక ఆ పిల్ల తప్పక ఎగురుతుందని ఇంతసేపూ తన్నులు తిన్న ఒంటికి తెలిసిపోయింది. ఎగిరింది. మల్లయోధుడు గాల్లోనే పట్టుకుని నేలకేసి కొట్టాడు.

గెలిచాడు.

"ఆదివారం పొద్దున్నే వచ్చెయ్ బాబాయ్" అని ఇబుకి ఆయన భుజం తట్టాడు.

తొకునాగాకి సంతోషం కంటే ముందు జాలి వేసింది. పాపం, అవతల ఆ పిల్లాడు ఏడుస్తున్నాడేమో.

అప్పుడు మిషన్ వెనక నుంచి, పళ్ళులేని ఓ ముసలి గొంతు కౌంటరుకేసి కేకేసింది: "ఎన్నిసార్లు ఓడించినా లేవడు, వాడి ఓపిక చూస్తే నా గుండె దడదడలాడుతోంది! ఆరు దాటింది కదమ్మా, అవతల ఆ బడిపిల్లాణ్ణి ఇంకా ఇంటికి పంపరేం?"