విప్పిన కట్టలు

ఏ కాలంలోనో ఒక అడవిలో మూడు మడుగులుండేవి. వాటి నీళ్ల సంగతులన్నీ ముసలి తాబేలు తనకు గుర్తుండవని తాటాకుల మీద గీసి, మడుగుకో కట్ట చొప్పున దాచేది. ఆ పని నేర్చుకుందామని ఉడత చేరింది.

"ఏ కట్టలో ఆకు ఆ కట్టలోనే ఉండాలమ్మా," అని తాబేలు మొదటి రోజే చెప్పింది.

ఉడత చెయ్యి ఊరుకుంటేనా! తాబేలు కునుకు తీస్తుంటే కట్టలన్నీ విప్పి, పొడుగాకులు ఒకచోట, పొట్టాకులు ఒకచోట ముచ్చటగా సర్దేసింది.

ఆ వేసవిలో వాగు ఎండిపోయింది. జింకల మంద నాలుకలు వేలాడేసుకుని మడుగుల దగ్గరికొచ్చింది. "ఏ నీళ్లు తాగొచ్చు తాతా?"

ఉడత వెతికి వెతికి ఒక ఆకు తెచ్చింది. 'ఎండలు ముదిరితే ఈ నీళ్లు విషం' అని ఉంది.

"ఏ మడుగుదే ఇది?" తాబేలు అడిగింది.

"ఆకు మీద లేదు తాతా."

"ఆకు మీద ఎందుకుంటుందే? అది చెప్పాల్సింది కట్ట!"

మూడు మడుగులూ ఒకేలా మెరుస్తున్నాయి. తాగకపోతే మంద పొద్దుగూకేదాకా బతకదు. ఇంతలో ఓ జింకపిల్ల దగ్గరి మడుగులోకి మూతి వంచింది.

వద్దని అరవాలో, తాగమని అరవాలో తెలియక ఉడతకు నోరు పెగల్లేదు.