ఎర్రబడని పూసలు

మార్చి 9. మా ఫిల్టరులో పూసలు ఇంకా ఎర్రబడలేదు. భయమేసి రాస్తున్నాను.

వీధి చివరి అద్దకం మిల్లు రంగునీళ్లు మా బావిలోకి ఊరుతాయి. మనవరాలు తన లాబులో చేసిన పాలిమర్ పూసలు ఆ రంగును పీల్చేస్తాయి. ఇరవై బిందెలకల్లా అవి ఎర్రబడతాయి, అప్పుడు కొత్తవి వేస్తాను. ఇది ముప్పై ఒకటో బిందె.

"మిల్లువాళ్లకు బుద్ధొచ్చిందేమో అమ్మమ్మా!" అని నవ్వింది మనవరాలు.

"బుద్ధొస్తే మిల్లు కాలువ ఎండాలి కదే? నిండుగా పారుతోంది," అన్నాను.

అది బావిలో నీళ్లు తోడి వాసన చూసింది.

"బ్లీచింగ్ కలిపి రంగును విరగ్గొడుతున్నారు. ఆ ముక్కలు కంటికి కనబడవు, కానీ రంగుకంటే ఎక్కువ విషం. నా పూసలు వాటిని పట్టుకోలేవు అమ్మమ్మా!"

ఇక జరగవలసినవి:

1. బావికి మూత పెట్టి తాళం వేయాలి.
2. మా ఫిల్టరు నీళ్లు పట్టుకెళ్లే పదకొండు ఇళ్లకూ చెప్పాలి. పసిపిల్లలున్న ఇళ్లకు ముందు.
3. సీసాలో నీళ్లు పరీక్షకు పంపాలి.
4. నాలుగు రోజులుగా నాకు మూత్రంలో రక్తం పడుతోంది. పై మూడూ అయ్యాకే ఆ మాట మనవరాలికి చెప్పాలి.