చైన్‌లో జడ

చీకటి పడ్డాక కుట్టుమిషన్ మూసేసి, అక్క వరండాలో తన మోటార్‌సైకిల్‌కి స్టాండ్ వేసింది. నిన్న తీసుకెళ్లిన బండిని తమ్ముడు ఇందాకే తెచ్చాడు. చైన్ నిండా బురద. వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ కిరసనాయిల్ బ్రష్‌తో రుద్దుతుంటే ఎక్కడో పట్టేసింది.

వేలు పెట్టి లాగితే వెంట్రుకలు వచ్చాయి. సగం ఊడిన పొడుగాటి జడ. దాని మొదట్లో బొటనవేలంత చర్మం.

"ఏంట్రా ఇది?"

"కుక్క అడ్డొచ్చిందక్కా," అన్నాడు తమ్ముడు గుమ్మంలోంచి.

"కుక్కకి జడేంట్రా?"

వాడు వచ్చి పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "ఎక్కమంటే ఎక్కలేదు. ఆగమంటే ఆగలేదు," అన్నాడు, చిన్నప్పుడు పలక పగలగొట్టుకొచ్చి చెప్పినట్టే.

అక్క లేవబోయింది. వాడు ఆమె కుడిచేతి వేళ్లను చైన్‌కీ పళ్లచక్రానికీ మధ్య దూర్చి చక్రం తిప్పాడు. నొప్పికంటే ముందు ఎముక విరిగిన చప్పుడు వినబడింది.

"ఎవరికీ చెప్పవుగా, అక్కా?" బతిమాలుతూనే ఇంకాస్త తిప్పాడు.

నేలమీదున్న పానా ఎడమచేతికి తగిలింది. దాంతో వాడి కణతమీద కొట్టింది. పట్టు జారేదాకా మళ్లీ మళ్లీ కొట్టింది.

చక్రాన్ని వెనక్కి తిప్పి చెయ్యి లాక్కుంది. రెండు వేళ్లు రాలేదు. తమ్ముడు కదలడం లేదు. వీధిలో అలికిడి లేదు.

అప్పుడు బండి పక్కపెట్టెలో ఫోన్ మోగింది. ఆమెది కాదు, వాడిదీ కాదు. పెట్టె తెరిచి చూస్తే తెర మీద 'అమ్మ' అని ఉంది.

ఎత్తి చెవికి ఆనించుకుంది.

"ఎక్కడున్నావే తల్లీ?" అందొక పెద్దావిడ. "నీకోసం అందరం తినకుండా కూర్చున్నాం."