అరుపు లేని ఆదివారం

"లోపల గెడెందుకెట్టాడు?" జగన్నాధం మూసి ఉన్న గది తలుపు చూసి వసారాలోనే ఆగిపోయి అడిగాడు.

చేటలో బియ్యం ఏరుతున్న ఈశ్వరి తలెత్తింది. "మనోడికి గెడ్డం గీస్తన్నాడు జోగయ్య. ఎవరూ రావొద్దన్నాడండి."

"మరి అరుపినబడదేటి?"

ఆమె మళ్లీ చేటలోకి తల వంచింది. వాళ్ల కొడుకు వెంకీకి ఇరవై నాలుగేళ్లు. మాటలు రావు. గడ్డం గీయబోతే వీధి చివరిదాకా వినబడేలా అరిచేవాడు, చేతికందినవాళ్లని కరిచేవాడు. చీపురుపల్లిలో సెలూన్ వాళ్లెవరూ రెండోసారి ఆ గడప తొక్కలేదు. ఆ తర్వాత జగన్నాధమే గీసేవాడు. అలాంటివాడు, కొత్తగా పనిలో కుదిరిన జోగయ్య దగ్గర నాలుగు ఆదివారాలుగా కిక్కురుమనడం లేదు.

"మాత్రలేవో మింగిస్తన్నాడే. నేకపోతే కొడతన్నాడు."

"ఒంటిమీద దెబ్బల్నేవండి. నాను సూసాను."

"కనపడకండా కొట్టడం తెలీదేటి ఆడికి?"

జగన్నాధం చెప్పులు విప్పేసి, అడుగు చప్పుడు కాకుండా పెరట్లోకి వెళ్లాడు. కిటికీ రెక్క ఓరగా తెరిచి ఉంది. తొంగిచూశాడు.

కుర్చీలో ఉన్నది జోగయ్య. మొహమంతా సబ్బు నురగ. తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకున్నాడు. అతని గొంతు మీద రేజరు ఆనించి నిలబడ్డాడు వెంకీ!

జగన్నాధం ఒక్క పరుగున వసారాలోకొచ్చి, భుజంతో తలుపు గుద్దాడు. గడియ ఊడిపడింది. వెంకీ రేజరు వదిలేసి మూలకి నక్కాడు.

"బయపడకండి బాబూ, అందులో బ్లేడు నేదు." జోగయ్య కంగారుగా లేచాడు. "ముందు సినబాబు నాకు గీస్తారు. తర్వాత నాను అడుగుతాను. సరేనని తలూపితే గీస్తాను, నేకపోతే మానేస్తాను. అడక్కండా మొగం మీద సెయ్యేస్తే ఎవులికైనా బయవే కదా!"

"కతలు సెప్పకు. ఏదీ, నా కళ్లముందు గియ్యి."

జోగయ్య నురగ తుడుచుకుని, రేజర్లో బ్లేడు బిగించి వెంకీకి చూపించాడు. "సినబాబూ, గీసీమంటారా?"

వెంకీ మూలనుంచి మెల్లగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. గుమ్మంలో నిలబడ్డ తండ్రి వైపు చూశాడు.

రెండు చేతులూ తనంతట తానే కుర్చీ వెనక్కి పెట్టుకుని, తాడు కోసం ఎదురుచూశాడు.