ఫౌండ్రీ వీధి అభిమాని

"ఆ రేడియో కట్టెయ్, గోర్డన్. తిట్లు వినడానికి కూడా టైమ్ పెట్టుకున్నావా?" అంది మారీన్.

గోర్డన్ కారు వేగం తగ్గించాడే గాని రేడియో మీద చెయ్యి వేయలేదు. శనివారం మ్యాచ్‌లు ముగిశాక గంటసేపు, థార్న్‌బరోలో ఎవరైనా రేడియోకి ఫోన్ చేసి ఫుట్‌బాల్ గురించి నోటికొచ్చింది మాట్లాడవచ్చు. మే నెలలో ఊరి జట్టు రోవర్స్ లీగ్ గెలిచినప్పుడు, కోచ్ గోర్డన్‌కి మార్కెట్ దగ్గర విగ్రహం పెట్టాలన్నది ఈ రేడియోలోనే. పైకప్పు లేని బస్సు మీద అతన్ని ఊరంతా ఊరేగించారు. ఇప్పుడు నవంబరు. వరసగా ఆరు మ్యాచ్‌లు పోయాయి. ఆరోది ఇవాళ, ఏటి అవతలి ప్రత్యర్థి జట్టు ఆల్బియన్ చేతిలో, నాలుగు గోల్స్ తేడాతో.

"విగ్రహానికి తెచ్చిన రాయి ఉంటే అతని మెడకి కట్టి ఏట్లో తొయ్యండి!" అంటున్నాడొకాయన.

"పోనీలే, రాయి వృథా కాదు," అన్నాడు గోర్డన్.

మారీన్ నవ్వలేదు. "నిన్న చేపల వేపుళ్ల కొట్టువాడు ఏమన్నాడో తెలుసా? 'మీ ఆయన చేపకి ముల్లు తీసిమ్మంటారా అమ్మా, గొంతులో గుచ్చుకునేలా ఉంచమంటారా?' అన్నాడు. క్యూ అంతా ఒకటే నవ్వు. అసలు ఆ లీగ్ గెలవకపోయినా బాగుండేది."

ఆ మాటా నిజమే. అంతకు ముందు ఏడాది ఏడో స్థానం వస్తే ఊరు చప్పట్లు కొట్టింది. ఒకసారి మొదటి స్థానం రుచి చూశాక రెండోది కూడా చేదయిపోయింది. పైగా ఛైర్మన్ లొమాక్స్ నిన్నటి పేపర్లో, 'గోర్డన్ మీద నాకు పూర్తి నమ్మకం ఉంది' అన్నాడు. ఫుట్‌బాల్‌లో ఛైర్మన్ ఆ మాట అన్నాడంటే పెట్టె సర్దుకోమని. గోర్డన్‌కి ముందున్న కోచ్ అలాంటి నమ్మకమే సంపాదించుకుని, వారం తిరక్కుండా ఇంటి ముందు గులాబీ మొక్కలు కత్తిరిస్తూ కనిపించాడు. అందుకే గోర్డన్ తనంతట తానే రాజీనామా రాసి కోటు జేబులో పెట్టుకున్నాడు. పదకొండేళ్లుగా ప్రాణం పెట్టిన పని. గెంటించుకోవడం కంటే దిగిపోవడం మర్యాద.

"తర్వాత ఫౌండ్రీ వీధి నుంచి విల్ఫ్. చెప్పు పెద్దాయనా," అన్నాడు రేడియోలో ఆ కార్యక్రమం నడిపే బారీ.

"ఆ గోర్డన్‌ని కదపకండయ్యా!" అంది ఒక ముసలి గొంతు. "నాకు డెబ్భై దాటాయి. ఇంత హాయిగా గడిచిన సీజన్ ఇంకోటి ఎరగను."

"ఆరు ఓడిపోయాక కూడానా?"

"ఆరూ చూశాను. నేనూ మనవలూ ఒక్కటి వదిలితే ఒట్టు. కోచ్ అంటే చెట్టయ్యా. నెలకోసారి పీకి వేళ్లు చూసుకుంటే బతుకుతుందా? ఇంకో మూడేళ్లు ఇవ్వండి. నన్నడిగితే అయిదివ్వండి!"

గోర్డన్ కారు పక్కకి తీసి ఆపాడు.

ఆ తర్వాత వరసగా ఫోన్లే. విల్ఫ్ చెప్పింది అక్షరాలా నిజమని ఒకతను. గోర్డన్ పోతే శనివారాలు వెలవెలబోతాయని ఇంకొకతను. తన పిల్లికి గోర్డన్ పేరే పెట్టుకున్నానని ఒకావిడ. గంట ముగిసేసరికి తిట్టినవాళ్ల కంటే మెచ్చుకున్నవాళ్లే ఎక్కువయ్యారు.

"ఇంతమంది ఉన్నారా మనకి!" అంది మారీన్, కళ్లు తుడుచుకుంటూ.

ఆ రాత్రి గోర్డన్ ఆరు వారాల తర్వాత కడుపునిండా తిన్నాడు.

సోమవారం లొమాక్స్ పిలిపించాడు.

"దాచడమెందుకు, నిన్ను తీసేస్తూ కాగితం టైపు చేయించాను," అన్నాడు. "శనివారం ఆ రేడియో విన్నాను. ఓడినా ఊరు ఇంతగా నీ వెనకుంటే, కాదని నేను వీధుల్లో తిరగగలనా? మూడేళ్లకి కొత్త ఒప్పందం. సంతకం పెట్టు."

"నేనూ ఒక కాగితం తెచ్చానండీ."

"ఏముంది దాంట్లో?"

"ఇప్పుడేం లేదు," అని గోర్డన్ దాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు.

బుధవారం ప్రాక్టీసు అయ్యాక, బారీ దగ్గర అడ్రసు తీసుకుని, వంతెన దాటి ఫౌండ్రీ వీధికి వెళ్లాడు. ఇటుక ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. తలుపు తట్టగానే పిండి చేతులతో ఒక ముసలామె తీసింది.

"ఓరి దేవుడా, గోర్డన్! నువ్వే! విల్ఫ్ ఇప్పుడే పొగాకు కొనుక్కోడానికి వెళ్లాడు నాయనా. ఆయన అదృష్టం చూడు!"

"మీ ఆయన మాటే నన్ను నిలబెట్టిందమ్మా. ఇంకో మూడేళ్లు ఇచ్చారు."

"మూడేళ్లే! అయిదడిగాడు పాపం. పోనీలే, మూడైనా మేలే," అని ఆమె అక్కడి నుంచే కేకేసింది. "ఒసే ఆగీ! ఎవరొచ్చారో చూడు! మూడేళ్లిచ్చారట!"

తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఆడవాళ్లు, మగవాళ్లు, స్కూలు నుంచి వచ్చిన పిల్లలు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఒకావిడ పిల్లిని ఎత్తి చూపించింది. గోర్డన్ అందరి చేతులూ పట్టుకుని ఊపాడు. బస్సు మీద ఊరేగిన రోజున కూడా ఇంత నిండుగా అనిపించలేదు అతనికి.

జేబులోంచి ఒక కవరు తీసి ముసలామె చేతిలో పెట్టాడు. "విల్ఫ్‌కీ మనవలకీ. సీజన్ ముగిసేదాకా మా స్టేడియంలో మొదటి వరస సీట్లు."

ఆమె టిక్కెట్లు అటూ ఇటూ తిప్పింది. ముఖం ఎర్రబడింది. పక్కింటి ఆగీ వంక చూసింది. ఆగీ చప్పున నేల చూపులు చూసింది.

"ఏమ్మా, సీట్లు నచ్చలేదా?"

"అది కాదు నాయనా," అంది ముసలామె, కవరు మెల్లగా అతని చేతిలో తిరిగి పెడుతూ. "ఈ వీధంతా ఆల్బియన్ వాళ్లం."