తల్లిగారింటి టీకా

గంభీరావుపేటకు సర్వేకు వచ్చిన డాక్టరమ్మ పాప టీకా కార్డు తిప్పి చూసి, నానమ్మను అడిగింది. "తొమ్మిదో నెల తట్టు టీకా నిజంగా వేశారా, అమ్మా?"

ఊరి నర్సు అఖిల పక్కనే కూర్చుని కార్డు వైపే చూస్తోంది. ఆ నెల తల్లీపిల్లా తల్లిగారింట్లో, పెగడపల్లిలో ఉన్నారు. అక్కడ వేసే ఉంటారనుకుని, ఊరి లెక్క నూటికి నూరు కావాలని తనే కార్డులో రాసేసింది. వెయ్యలేదని తర్వాత తెలిసినా దిద్దలేదు.

పాప నానమ్మ రాజవ్వ అఖిల మొహంలోకి చూసింది.

"ఏసిండ్రు మేడం. గీ అఖిలనే ఏసింది. పోరి రెండు దినాలు జరంతోని పండింది."

డాక్టరమ్మ రాసుకుని పక్కింటికి వెళ్ళింది.

అఖిల తల ఎత్తలేకపోయింది. రాజవ్వ పాపను తెచ్చి ఆమె ఒళ్ళో కూచోబెట్టింది.

"నీకోసం అబద్ధమాడిన, బిడ్డా. ఇగ సూది ఏసి, దాన్ని నిజం జెయ్యి."